మొగిలవ్వ మెడ కసరత్తు

ఎల్లేశం పైకి చూసి బతికే మనిషి. అతని పెళ్లాం మొగిలవ్వ కిందికి చూసి బతికే మనిషి. ఆయన కల్లు గీస్తాడు. పొద్దున చెట్ల వైపు ఎత్తిన మెడ మళ్లీ దించేది బువ్వ తినడానికే. ఆమె బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. పొద్దున వంచిన మెడ దీపాలు పెట్టే వేళకు గానీ లేవదు. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తల వంచుకుని కూర్చుంటే అణకువ అని మురిసిపోకండి. అది బీడీల పని.

కోరుట్లకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో వాళ్లిల్లు కల్లు గీసేవాళ్ల గౌండ్లవాడ చివర ఉంది. ఇంటి వెనకే పెద్ద తాటిచెట్టు, దాని అవతల ఈతవనం. ఎల్లేశం తాటిచెట్టు ఎక్కి పైనుంచి ఏదో ఒకటి అడుగుతాడు, బువ్వ అయిందా అనో, బిడ్డ కాలేజీకి పోయిందా అనో. మొగిలవ్వ చాటలోంచి తల ఎత్తకుండా చెట్టు మొదలుకు జవాబు చెబుతుంది. కొత్తగా చూసినవాళ్లకు ఈమె మొగుడితో కాక చెట్టుతో కాపురం చేస్తోందేమో అనిపించేది.

ఆ మెడ పుట్టుకతో వంగిందేమీ కాదు. పెళ్లయిన కొత్తలో మొగిలవ్వ మెడ ఊరంతటికీ తెలిసిన మెడ. సద్దుల బతుకమ్మ నాడు అందరికంటే పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి, పాట పాడుకుంటూ చెరువు దాకా నడిచేది. పక్క వాడల ఆడవాళ్లు తమ పాటలు మరిచిపోయి ఆమెనే చూసేవాళ్లు. ఎల్లేశం కూడా ఏదో పని ఉన్నట్టు చెరువు కట్ట మీదికి వచ్చి చూసి, ఏ పనీ చేయకుండా ఇంటికి పోయేవాడు. ఆ తర్వాత చాట ఒళ్లోకి వచ్చింది. పాతికేళ్ల బీడీలు మెడను మెల్లమెల్లగా కిందికి లాగేశాయి. సకల జనుల సమ్మె జరిగిన ఆ ఏడు ఎండాకాలం నాటికి మొగిలవ్వ ఎవరితో మాట్లాడినా వాళ్ల పాదాలను చూసే మాట్లాడుతోంది. వాడలో అందరినీ చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేది.

నొప్పి ఓర్వలేనంత అయ్యాక బిడ్డ దీప తల్లిని జగిత్యాలకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరు మెడను అటూ ఇటూ తిప్పి చూసి, ఎముకలు కొంత అరిగాయని, అంతకంటే ముఖ్యంగా మెడ కండలకు బలం పోయిందని చెప్పాడు. మెడకు కట్టుకునే పట్టా ఒకటి ఇప్పించాడు. కసరత్తు చెప్పే అమ్మాయి ఒకతె వచ్చి, నుదుటికి అరచెయ్యి ఆనించి ఎట్లా నొక్కాలో చేసి చూపింది. తిరుగు బస్సులో మొగిలవ్వ మరిచిపోతానేమో అని నుదురు నొక్కి చూస్తుంటే, కండక్టరు ఆమెకు వాంతి వస్తోందనుకుని పక్కవాళ్లను లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. మెట్ట మీద బస్సు ఎగిరిపడటంతో కసరత్తులో సగం అక్కడే పోయింది. మిగతా సగం కోరుట్ల బస్టాండులో దిగేటప్పుడు పోయింది.

ఎల్లేశం పట్టాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఎద్దులకు గంటలు కడుతరు. దీనికి గంటేది?"

"నీ నోటికి కట్టనీకి దాసిన తియ్," అంది మొగిలవ్వ ఆయన కాళ్ల వైపు చూసి.

అంత మాట అన్నాక ఆ పట్టాను మళ్లీ మెడకు ఎట్లా కట్టుకుంటుంది? గోడ మేకుకు తగిలించింది. కోడి దాంట్లో గుడ్డు పెడదామని ప్రయత్నించి కింద పడింది.

అంతలో సమ్మె వచ్చింది. బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. నెల తర్వాత మళ్లీ చూపించుకోమన్నాడు డాక్టరు, కానీ జగిత్యాలకు పోయే బండే లేదు. ఊళ్లో అందరూ ఏ పనీ లేక పని కోసం వెతుక్కుంటున్నారు. అందరిలోకీ ఎక్కువ ఇబ్బంది పడుతున్నవాడు బడిలో ఆటలు నేర్పే సతీశ్ సారు. పిల్లలను పరుగెత్తించి పరుగెత్తించి అలవాటైన ప్రాణం, ఖాళీగా కూర్చోలేదు. దీక్ష టెంటులో తన వంతు వచ్చిన రోజు, తిండి మానేసి కూర్చున్నవాళ్లందరినీ లేపి గుంజీలు తీయించాడు. మర్నాడు దీక్షకు ఒక్కరూ రాలేదు. ఉద్యమ కమిటీ వాళ్లు ఆయనకు రెండు చేతులూ జోడించి, సారూ, మీరు ఇంటి దగ్గరుండే ఉద్యమం చెయ్యండి అని చెప్పారు.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా ఊళ్లో మీటింగు పెట్టారు. ప్రతి ఏడూ వాడవాడకూ వేరువేరుగా పేర్చే బతుకమ్మలు కాకుండా ఈసారి ఊరంతటికీ కలిపి ఒక్కటే పెద్ద బతుకమ్మ పేర్చాలి, సద్దుల నాడు కోరుట్లకు తీసుకుపోయి ర్యాలీలో నడవాలి అని నిర్ణయమైంది. ఎంత పెద్దదంటే, రోడ్డుకు ఆ చివరనున్న పోలీసులకు కూడా కనబడాలి అన్నారు కుర్రవాళ్లు. మరి మోసేదెవరు? అలవాటు కొద్దీ అందరి కళ్లూ మొగిలవ్వ వైపు తిరిగాయి.

అప్పుడు పోచవ్వ నోరు విప్పింది. పోచవ్వ ఎల్లేశానికి పెద్దనాన్న బిడ్డ, మొగిలవ్వకు వదిన. ఆమె నోటికి ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు.

"మనిషి మొఖమే సూడరాని మెడ, బతుకమ్మనేం మోస్తదే? నడిబజార్ల పడేస్తే తెలంగాణ అచ్చేది కూడ ఆగుతది. మా కోడలు మోస్తది, దానికియ్యుండ్రి."

అందరూ నవ్వారు. మొగిలవ్వకు ఆ నవ్వు చురుక్కున తగిలింది. వదిన మాట తప్పై ఉంటే తిట్టి ఊరుకునేది. ఒప్పు కాబట్టే కడుపు మండింది. తల ఎత్తి పోచవ్వ కళ్లలోకి చూసి జవాబు చెబుదామనుకుంది, మెడ లేవలేదు. ఆఖరికి పోచవ్వ కాలి మెట్టెలకు చెప్పింది.

"నేనే మోస్త. నా మెడ మీద నమ్మకం లేకుంటే పండుగ లోపట సూస్కో. మొయ్యకపోతే ఇగ జన్మల బతుకమ్మ ఆటకు రాను."

ఆడకూతురు అనకూడని మాట అది. మీటింగు అక్కడితో ముగిసింది. ఇంటికి వస్తూ దారిలోనే మొగిలవ్వకు భయం పట్టుకుంది. ఈ ఊళ్లో ఉంటూ బతుకమ్మ ఆడకుండా బతకడం ఎట్లా? ఆట ఆగిపోతే ఆమెకు ఏడాదంతా చాటే.

మర్నాడు తెల్లవారి సతీశ్ సారు తనంతట తానే వాకిట్లో నిలబడ్డాడు. మెడలో ఈల కూడా వేసుకుని వచ్చాడు.

"అక్కా, నీ మెడ నాకు అప్పజెప్పు. పండుగ దాకా."

మొగిలవ్వ నుదుటి మీద అరచెయ్యి పెట్టించాడు. తల చేతిని తొయ్యాలి, చెయ్యి తలను తొయ్యాలి, రెండూ కదలకూడదు.

"గిదేం కొత్తది సారూ? మా ఇంట్ల మొగుడు పెండ్లాలం రోజు చేసేది గిదే," అంది మొగిలవ్వ.

నుదురయ్యాక కుడి చెవి పక్కన, తర్వాత ఎడమ చెవి పక్కన. తర్వాత రెండు చేతుల వేళ్లు కలిపి తల వెనక పెట్టి, తలను వెనక్కి నొక్కాలి. ఆ తర్వాత గోడకు వీపు ఆనించి నిలబడి గదువను, అంటే గడ్డాన్ని, లోపలికి లాక్కోవాలి. నొక్కినప్పుడల్లా కాసేపు అట్లాగే పట్టి ఉంచాలి. ఎంతసేపు అంటే మొగిలవ్వకు అంకెలు లెక్కపెడితే ధ్యాస బీడీల కట్టల మీదికి పోతోంది. అందుకని సారు ఒక ఉపాయం చెప్పాడు. నొక్కి పట్టి, మూడుసార్లు జై తెలంగాణ అని వదిలేయాలి.

మొదటి రోజే వాడంతా దద్దరిల్లింది. మొగిలవ్వ గొంతు చిన్నదేమీ కాదు. వాకిట్లోంచి "జై తెలంగాణ" అని వినిపిస్తే గోడ అవతల పళ్లు తోముకుంటున్నవాళ్లు, పాలు పిండుతున్నవాళ్లు, ఇంకా పడుకున్నవాళ్లు కూడా "జై తెలంగాణ" అన్నారు. ఆ రోజుల్లో ఎవరైనా జై తెలంగాణ అంటే తిరిగి అనకపోవడం మర్యాద కాదు. మెడకు నాలుగు వైపులా, వైపుకు మూడు, మళ్లీ మొదటినుంచి. మూడో రోజుకు పోచవ్వ పాలచెంబు పట్టుకుని గోడ మీదుగా తొంగి చూసింది.

"పొద్దుగాల్నే నీ మెడ కోసం మా గొంతులు పోవట్టె కదనే!"

అయినా మర్నాడు తనూ జై తెలంగాణ అన్నది.

వాడలో పొద్దున్నే నినాదాలు వినిపిస్తున్నాయని మాట కోరుట్ల దాకా పాకింది. ఒక పొద్దున సాంబయ్య అనే కానిస్టేబులు మోటారు సైకిలు మీద వచ్చాడు. సమ్మె మొదలైనప్పటి నుంచి నెత్తిన బందోబస్తు టోపీ పెట్టుకుని ఎండలో నిలబడి నిలబడి ఆయన మెడ కూడా బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

"ఇక్కడ మీటింగేదో నడుస్తున్నదట?"

"మీటింగేంది సారూ, మెడ నొప్పి," అంది మొగిలవ్వ ఆయన బూట్లను చూసి. "నువ్వు మెడ తిప్పకుంట నిలబడ్డవంటేనే తెలుస్తున్నది, నీది నాకంటె జబ్బర ఉన్నది. టోపీ తియ్, కూసో."

సాంబయ్య వీధి అటూ ఇటూ చూశాడు, అంటే మొత్తం అటు తిరిగి, మొత్తం ఇటు తిరిగాడు. ఎవరూ లేరు. టోపీ తీసి అరుగు మీద పెట్టాడు. సతీశ్ సారు ఆయన చేత కూడా నుదురు నొక్కించాడు. యూనిఫారం మీద నినాదం అనకూడదు కాబట్టి ఆయన మనసులో అనుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి. ఆ తర్వాత రెండు మూడు పొద్దులు విచారణ పేరు చెప్పి వచ్చి పోయాడు.

కొంచెం బలం వచ్చిందనిపించాక సారు బిందె తెప్పించాడు. ముందు ఖాళీ బిందె, తర్వాత కొన్ని నీళ్లు, తర్వాత సగం. సిరిసిల్లలో ఉన్న చెల్లెలు లీల పంపిన మెత్తటి మగ్గం బట్టను చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకుని మొగిలవ్వ వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచేది. మొదట్లో నీళ్లు ఒలికి కొంగు తడిసిపోయేది. ఎల్లేశం ఇంట్ల వాన పడుతున్నది, చెరువు నిండుతది ఇగ అనేవాడు. కానీ ఆమె నడుస్తున్నంతసేపూ ఆయన కాళ్లు కూడా వాకిట్లో ఆమె పక్కనే నడుస్తున్నాయని మొగిలవ్వ గమనించింది. అప్పటికి ఆమెకు కనిపించేది కాళ్లే కదా.

మెడ రోజూ ఇంత లేచింది. మోకాళ్లు కనిపించాయి, నడుములు కనిపించాయి. పండుగకు ముందు ఒక పొద్దున బావి దగ్గర పోచవ్వ ఎదురైంది. మొగిలవ్వ ఆమె ముఖంలోకి సూటిగా చూసి నవ్వింది. పోచవ్వ చేతిలో చేంతాడు వదిలేసింది.

"ఏందే గట్ల సూస్తవు?"

"ఏం లేదొదినా. నీ ముక్కుపుల్ల కొత్తదా?"

"నాలుగేండ్లాయె పెట్టుకోవట్టి!"

సద్దుల రోజు వచ్చింది. బతుకమ్మ పేర్చడం ఆడవాళ్ల పని. గునుగు, తంగేడు కోసుకురావడం వరకే మగవాళ్లది. కానీ సమ్మెలో ఖాళీగా ఉన్న మగవాళ్లు ఏ పనిలోనైనా వేలు పెట్టకుండా ఉంటారా? మనిషెత్తు బతుకమ్మ పేరిస్తే లోపల ఆకుతో నింపడానికి బండెడు ఆకు కావాలి, అంత బరువు మొగిలవ్వ ఎట్లా మోస్తుంది అన్నాడు ఎల్లేశం. అది ప్రేమతోనే అన్నాడు, కాదనలేం. అయితే గౌండ్లాయనకు ఉపాయం తట్టినా కల్లు దగ్గరే తడుతుంది. ఖాళీ లొట్టులు లోపల ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ పూలు పేరిస్తే ఎత్తుకు ఎత్తు, బరువుండదు అన్నాడు. కల్లు పట్టే మట్టి లొట్టిని బతుకమ్మలో పెట్టడమేమిటని పోచవ్వ మూతి విరిచింది. కుర్రవాళ్లకు మాత్రం తెగ నచ్చింది. ఎల్లేశం లొట్టులు తెచ్చి గోడ పక్కన వరుసగా పెట్టి, పూలబండికి ఎదురు పోయాడు.

ఆ వరుస చివర, గోడ నీడలో ఇంకొక లొట్టి ఉంది. అది ఖాళీది కాదు. పొద్దున ఈతచెట్టు నుంచి దించిన కల్లు, మూతికి ఆకు కుక్కి ఉంది. ఆట ఆడి అలిసి వచ్చిన మొగిలవ్వకు ఇద్దామని ఎల్లేశం దాచి పెట్టుకున్నది. కుర్రవాళ్లు వచ్చి ఒక్కొక్క లొట్టినీ అందుకున్నారు. చివరిది ఎత్తితే బరువుగా ఉంది. ఎల్లేశం కాక తెలివిగల్లోడు, బతుకమ్మ ఒరిగిపోకుండా ఒకదాన్ని మన్నుతో నింపిండు అనుకున్నారు. అనుకుని, దాన్ని తాంబాళం నడుమ అన్నిటికంటే కింద పెట్టారు. ఎల్లేశం తిరిగి వచ్చేసరికి పూల వరుసలు మనిషెత్తు లేచాయి, గౌరమ్మను కూడా పైన పెట్టేస్తున్నారు.

ట్రాక్టరు మీద బతుకమ్మను కోరుట్ల పొలిమేర దాకా తెచ్చారు. అక్కడి నుంచి ఆడే మైదానం దాకా నడక. సతీశ్ సారు ఈల ఊదాడు. నలుగురు ఆడవాళ్లు పట్టి ఎత్తి మొగిలవ్వ నెత్తిన పెట్టారు. ఒక్క క్షణం ఆమె కళ్లు బైర్లు కమ్మాయి. బిందె కంటే చాలా బరువు. పైగా లోపల ఏదో కదులుతోంది. ఖాళీ లొట్టులన్నారు, ఇదేమిటి? గదువ లోపలికి లాక్కుంది, భుజాలు దించింది, మెడను గోడకు ఆనించినట్టు నిలిపింది. ఈసారి చేతులు వదిలేసే ధైర్యం చేయలేదు. రెండు చేతులా తాంబాళం అంచు పట్టుకుని అడుగు వేసింది. మెడ నిలిచింది.

ఎంత పొంగిపోయిందో చెప్పలేం. పాతికేళ్ల తర్వాత రోడ్డు చివరి దాకా కనిపిస్తోంది. డప్పులు, జెండాలు, ఊరూరి బతుకమ్మలు, మేడల మీద జనం. ఎవరి చెప్పులు ఎట్లా ఉన్నాయో ఆమెకు తెలియనే లేదు.

వెనక ట్రాక్టరు దగ్గర ఎల్లేశం కుర్రవాళ్లను అడుగుతున్నాడు.

"అరే, నీడకు పెట్టిన లొట్టి ఏమాయెరా?"

"అన్ని పెట్టినం కాకా. మన్ను నింపినవు కదా, దాన్నే అడుగుకు పెట్టినం."

ఎల్లేశానికి చెమటలు పట్టాయి. పరుగున వచ్చి పెళ్లాం ముందు నిలబడ్డాడు, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా?" అంది మొగిలవ్వ.

"ఏం లేదు. దారి సూపిద్దామని. జర మెల్లగ నడు. కుదిపియ్యకు."

చౌరస్తా దగ్గర పోలీసులు తాడు కట్టి ఆపారు. వెనక జీపు ఎక్కిన నాయకుడొకాయన మైకు అందుకున్నాడు. ఎక్కువ మాట్లాడను, రెండే ముక్కలు అన్నాడు. ఆ మాట అన్నవాడు తొందరగా దిగడని అందరికీ తెలుసు. ఎత్తిన బతుకమ్మను ఆడే చోటికి చేరకముందు నడిదారిలో దించకూడదు. మొగిలవ్వ ఎండలో నిలబడింది. నాయకుడు నిజాం కాలం నుంచి మొదలుపెట్టాడు.

ఎండకు కల్లు ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే. లోపల లొట్టి బుసబుసమంది. మూతికి కుక్కిన ఆకు వదులైంది. తంగేడు పూల మధ్య నుంచి తెల్లటి నురుగు బయటికి వచ్చి, తాంబాళం అంచు దాటి, చుట్టబట్టను తడిపి, మొగిలవ్వ నుదుటి మీదికి ఒక ధార కట్టింది. ముక్కు దాకా వచ్చాక ఆమెకు వాసన తెలిసింది. కల్లు గీసేవాడి పెళ్లానికి వాసన చెప్పాలా? అది ఏ చెట్టు కల్లో కూడా తెలిసిపోయింది. ఎవరి పనో చెప్పనే అక్కర్లేదు.

తిట్టాలంటే చెయ్యి ఊపాలి. చెయ్యి ఊపితే బతుకమ్మ ఒరుగుతుంది. తల తిప్పి నలుగురికీ చెప్పుకుందామన్నా వీల్లేదు. మొగిలవ్వ కనురెప్ప కూడా కదల్చకుండా, ముఖంలో పండుగ నవ్వు చెదరకుండా, ఎదురుగా ఉన్న మొగుడిని తిట్టడం మొదలుపెట్టింది.

"నీ చేతులు వడిపోను. బతుకమ్మల కల్లు పెడుతవా?"

"నేను పెట్టలేదే. నీకోసమే దాసిన. పోరగాండ్లు తెల్వక పెట్టిండ్రు."

"నా కోసం దాస్తే నా నెత్తి మీద పెడుతరా?"

"నవ్వుకుంట తిట్టకే. సూసెటోళ్లకు ముద్దు చేస్తున్నట్టే ఉన్నది."

నిజమే, పక్కవాళ్లు అట్లాగే అనుకుని మొహాలు తిప్పుకున్నారు. ధార గదువ దాకా చేరింది. ఈతచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఇక్కడ నిజంగా కల్లే కారుతోంది, అదీ నడి కోరుట్లలో, నలభై ఊళ్ల జనం ముందు. పక్కనే నిలబడ్డ పోచవ్వ ముక్కుపుటాలు అదిరాయి. మెడ వెనక నరం ఒకటి పీకింది. పడేస్తానేమో అని మొగిలవ్వకు మొదటిసారి నిజంగా భయం వేసింది. ఇప్పుడు పడితే పూలతో పాటు కల్లు కూడా రోడ్డు మీద పారుతుంది. జన్మలో బతుకమ్మ ఆడనన్న మాట ఒక్కటే కాదు, కల్లు బతుకమ్మ అనే పేరు కూడా బిడ్డ పెళ్లి దాకా వెంట వస్తుంది. గదువ లోపలికి లాగింది. జై తెలంగాణ అని గొణిగింది. మళ్లీ అన్నది. మూడు దాటాక వదిలేయడానికి వీల్లేదు కాబట్టి అంటూనే ఉంది.

తాడు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు సాంబయ్య ఆమెను చూశాడు. కల్లు సంగతి ఆయనకు తెలియదు. ఆ మెడ ఎంత బిగుసుకుని ఉందో మాత్రం తన మెడకు తెలిసింది. జనాన్ని తోసుకుంటూ జీపు దగ్గరికి పోయాడు.

"సార్, పర్మిషన్ టైం అయిపోయింది. మైక్ బంద్ చెయ్యుండ్రి."

టైం ఇంకా చాలానే ఉంది. నాయకుడు పోలీసు జులుం నశించాలి అన్నాడు. సాంబయ్య సరే నశిస్తది, ముందు ఊరేగింపు నడవనియ్యుండ్రి అని తాడు విప్పేశాడు. ఆ ఉద్యమమంతటిలో పోలీసులు సభను ఆపితే ఆడవాళ్లు సంతోషించింది ఆ ఒక్కసారే అయి ఉంటుంది.

ఎల్లేశం వెనక్కి నడుస్తూ దారి చెబుతున్నాడు. ఎడమకు గుంత ఉన్నది, ఇగో కరెంటు వైరు, జర ఆగు, ఆ, నడు. మొగిలవ్వ ఆయన ముఖం చూస్తూ నడిచింది. మీసం నెరిసిందన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. తిట్టడం మాత్రం ఆపలేదు.

మైదానంలో నలుగురూ పట్టి బతుకమ్మను దించారు. ఒరగకుండా నిలబడింది. ఆడవాళ్లు చుట్టూ చేరి ఉయ్యాలో పాట ఎత్తుకోబోతుండగా పోచవ్వ కొంగు తీసి మొగిలవ్వ ముఖం తుడిచింది. తుడిచిన వేలిని ఎందుకో నాలుక మీద పెట్టుకుంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. బతుకమ్మ వైపు చూసింది, ఎల్లేశం వైపు చూసింది. ఎల్లేశం నేల వైపు చూశాడు.

ఆ ఒక్క నోరు తెరుచుకుంటే కోరుట్లంతా నవ్వుతుంది.

"ఏమైతది?" అంది పోచవ్వ గొంతు తగ్గించి. "పోచమ్మకు పొయ్యమా, ఎల్లమ్మకు పొయ్యమా? గౌరమ్మకు సాక వోసినమనుకో. మనోళ్ల తల్లే కదా, మనసుల పెట్టుకోదు." కొంగు సర్దుకుని, "మెడంటె నీదేనే. మా కోడలైతె గా చౌరస్తలనే కూలపడు," అంది.

పోచవ్వ నోట అట్లాంటి మాట అంతకుముందు ఎవరూ వినలేదు. మొగిలవ్వకు ఏడుపు వచ్చింది. తుడిచినా ముఖం ఇంకా తడిగానే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రం ఆమె చప్పట్లు చరుస్తూ, తల పైకే పెట్టుకుని, అలసిపోయేదాకా ఆడింది.

పండుగ పోయింది, సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. రెండు రోజులు మెడకు వేడినీళ్ల కాపడం పెట్టుకుని మొగిలవ్వ మళ్లీ చాట ముందు కూర్చుంది. ఈసారి సతీశ్ సారు చెప్పినట్టు చాటను ఎత్తు పీట మీద పెట్టుకుంది. ఎల్లేశం తాటిచెట్టు మీద ఎండిన మట్టలు కొట్టడానికి ఎక్కాడు. పైనుంచి ఎప్పటిలాగే కేక వేశాడు.

"బువ్వ అయిందానే?"

మొగిలవ్వ ఎప్పటిలాగే చెట్టు మొదలుకు జవాబు చెప్పబోయింది. అంతలో, ఇప్పుడు మెడ లేస్తుంది కదా అని గుర్తొచ్చింది. రెండు చేతులూ తల వెనక ఆనించి, మెల్లగా తల ఎత్తింది. చెట్టు కనిపించింది. ఇంకా ఎత్తింది, ఇంకా చెట్టే. ఇంకా ఎత్తింది. ఎక్కడో ఆకాశంలో, మట్టల నడుమ, నడుముకు ఒక మోకు, కాళ్లకు ఒక బంధం, చేతిలో కత్తి పట్టుకుని పిట్టంత మనిషి వేలాడుతున్నాడు. గాలికి చెట్టు ఊగింది. ఆయన కూడా దాంతో ఊగాడు. మొగిలవ్వ దిగ్గున లేచింది. చాట కింద పడి తంబాకంతా వాకిట్లో పోయింది.

"దిగు!"

"ఏందే?"

"దిగుమన్న గదా, దిగు ముందుగాల! గంతెత్తుకు ఎక్కుతరా ఎవలన్న?"

పైనుంచి నవ్వు వినిపించింది. "పిచ్చి లేశిందా? పెండ్లి కాకముందు సంది ఎక్కుతున్న. ఇన్నొద్దులు లేని భయం ఇయ్యాల ఏడికెల్లి అచ్చింది?"

"ఇన్నొద్దులు సూశిన్నా నేను?"

నవ్వు ఆగిపోయింది. పైనున్న మనిషి కత్తిని నడుముకు దోపుకుని, మోకు సర్దుకుని, దిగడం మొదలుపెట్టాడు. మొగిలవ్వ తల దించలేదు. మెడ నరాలు లాగుతున్నాయి, అయినా దించలేదు. ఆయన పాదం నేలకు తగిలేదాకా పట్టి ఉంచాలి. మెడ పట్టి ఉంచినప్పుడల్లా అనే మాట అలవాటుగా నోట్లోంచి వచ్చింది.

"జై తెలంగాణ!"

గోడల అవతలి నుంచి వాడంతా జై తెలంగాణ అన్నది. పోచవ్వ గొంతు అందరికంటే పైన ఉంది. ఎల్లేశం కూడా అన్నాడు గానీ, చెట్టును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, చాలా మెల్లగా అన్నాడు.